పాత గని ఊళ్లో అయిదు వారాలు: సిల్వర్టన్‌కు బయలుదేరుతున్న హైదరాబాద్ దంపతులకు

మీరు రాసినదాన్ని బట్టి మీకు 64 ఏళ్లు, మీ శ్రీమతిగారికి 59. ఆవిడ రక్తపోటుకు, థైరాయిడ్‌కు మాత్రలు వాడుతున్నారు. డెన్వర్‌లో ఉద్యోగం చేస్తున్న మీ అబ్బాయి ఈ వేసవికి కొలరాడో కొండల్లో సిల్వర్టన్ అనే పాత గని ఊళ్లో ఇల్లు అద్దెకు తీసుకున్నాడు. జూన్ చివరి నుంచి అయిదు వారాలు అతను అక్కడి నుంచే పని చేసుకుంటాడు. కోడలు, ఆరేళ్ల మనవరాలు, మీరిద్దరూ అతనితోపాటు ఉంటారు. ఈ వయసులో అంత ఎత్తున ఉండగలమా, వంట ఎలా, అన్ని రోజులు ఆ చిన్న ఊళ్లో ఏం తోస్తుంది అని అడిగారు.

వెళ్లండి. ఇంత మంచి అవకాశం వదులుకోవద్దు. కానీ శంషాబాద్‌లో విమానం ఎక్కి, డెన్వర్‌లో దిగి, ఒక రాత్రి నిద్రపోయి మర్నాడే కారులో సిల్వర్టన్ చేరుకోవాలన్న పథకాన్ని మాత్రం మార్చుకోండి. నేను గనుల్లో భూగర్భ శాస్త్రవేత్తగా పనిచేసి, ఉద్యోగ విరమణ తర్వాత హబ్సిగూడలో స్థిరపడ్డాను. మా అమ్మాయి కొలరాడోలో ఉండటం వల్ల నేనూ మా ఆవిడా కొన్ని వేసవులు ఆ ఊళ్లో గడిపాం. కాబట్టి అక్కడి రాళ్ల గురించీ, అక్కడి వంటగది గురించీ రెండూ చెప్పగలను.

అన్నిటికంటే ముందు ఒక విషయం గుర్తుంచుకోండి. సిల్వర్టన్ మన ఊటీ లాంటి వేసవి విడిది కాదు. ఊటీని ఎండ తప్పించుకోవాలనుకున్నవాళ్లు మనిషికి ఎక్కడ హాయిగా ఉంటుందో వెతికి కట్టుకున్నారు. గని ఊరు పుట్టే పద్ధతి వేరు. లోహం ఎక్కడుంటే అక్కడే గుడారం వేయాలి, అది ఎంత ఎత్తయినా, ఎంత మంచైనా. మన గోల్కొండకు వజ్రాల పేరు వచ్చింది గానీ వజ్రాలు దొరికింది కృష్ణ ఒడ్డున కొల్లూరు లాంటి చోట్ల. గని ఒకచోట, దర్బారూ బజారూ ఇంకోచోట. సిల్వర్టన్ వాళ్లకు ఆ వెసులుబాటు లేదు. 1873లో అక్కడి ఆదివాసులైన యూట్ తెగల నుంచి ఆ కొండలను ఒప్పందం పేరుతో రాయించుకున్నారు, మరుసటి ఏడే ఊరు వెలిసింది, 1882లో రైలు వచ్చింది. వెండి కోసం, బంగారం కోసం మనిషి నివసించదగని ఎత్తులో పట్టుబట్టి నిలబడ్డ ఊరు అది. మీరు తీసుకోవలసిన ప్రతి జాగ్రత్తా, అక్కడ మీకు కనిపించే ప్రతి అందమూ ఈ ఒక్క కారణం నుంచే వస్తాయి.

ఇప్పుడు ఎత్తు సంగతి. హైదరాబాద్ సముద్ర మట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున ఉంది. డెన్వర్ 1,600. సిల్వర్టన్ 2,840. ఊటీ కంటే ఇంకా ఆరు వందల మీటర్లు పైన. మీరు హైదరాబాద్‌లో ఒక ఊపిరికి తీసుకునే ఆక్సిజన్‌లో అక్కడ దాదాపు మూడు వంతులు అందుతుంది, నాలుగో వంతు అందదు. 2,500 మీటర్లు దాటి నిద్రపోయే చోట ఆల్టిట్యూడ్ సిక్‌నెస్, అంటే ఎత్తు పడక వచ్చే జబ్బు, ఎవరికైనా రావచ్చు. రోజూ పరుగెత్తే మీ అబ్బాయికి కూడా రావచ్చు. వ్యాయామంతో దాన్ని ఆపలేం. శరీరానికి సమయం ఇవ్వడమే అసలు మందు.

"మేము బదరీనాథ్ వెళ్లి వచ్చాం, ఏమీ కాలేదు" అని చాలామంది అంటారు. బదరీనాథ్ సిల్వర్టన్ కంటే ఎత్తే. కానీ అక్కడికి హరిద్వార్ నుంచి మెల్లగా ఎక్కుతూ, దారిలో ఆగుతూ పోతాం. ఒక రాత్రి ఉండి దిగిపోతాం. మీరిక్కడ విమానంలో ఒక్కసారిగా ఎగిరి వెళ్లి అయిదు వారాలు ఉండబోతున్నారు. రెండింటికీ పోలిక లేదు.

అందుకని ఇలా చేయండి. డెన్వర్‌లో కనీసం మూడు రాత్రులు మీ అబ్బాయి ఇంట్లోనే ఉండండి. పదకొండున్నర గంటల కాల భేదం వల్ల నిద్ర ఎలాగూ తారుమారవుతుంది. అది సర్దుకోవడానికీ ఆ రోజులు అవసరమే. తర్వాత డ్యురాంగో చేరుకుని రెండు రాత్రులు ఆగండి. ఆ ఊరు దాదాపు 1,990 మీటర్ల ఎత్తున ఉంటుంది, పెద్ద దుకాణాలూ ఆసుపత్రీ అక్కడే ఉన్నాయి. డ్యురాంగో నుంచి సిల్వర్టన్‌కు కారులో గంటంబావు ప్రయాణం. కానీ ఆ రోడ్డు కోల్‌బ్యాంక్, మోలస్ అనే రెండు కనుమలు ఎక్కి దిగుతుంది. మోలస్ కనుమ 3,325 మీటర్లు. మనిద్దరి వయసువాళ్లు అక్కడ కారు దిగి ఫోటోల కోసం అటూ ఇటూ నడిచి, సాయంత్రానికి తల పట్టుకుని కూర్చోవడం నేను చూస్తూనే ఉన్నాను.

దీనికి మంచి ఉపాయం ఒకటుంది. డ్యురాంగో నుంచి సిల్వర్టన్‌కు ఆ 1882 నాటి చిన్న రైలు ఇంకా నడుస్తోంది. మూడడుగుల వెడల్పు పట్టాలు, సుమారు 72 కిలోమీటర్లు, మూడున్నర గంటలు. అది కనుమలు ఎక్కదు. అనిమస్ నది లోయనే పట్టుకుని మెల్లగా పైకి పోతుంది. సామాను మీ అబ్బాయి కారులో తెస్తాడు. మీరిద్దరూ మనవరాలితో రైల్లో రండి, ఒకవైపు టికెట్ తీసుకోండి. ఎత్తు నెమ్మదిగా పెరుగుతుంది, కూర్చున్నచోటే ఉంటారు కాబట్టి శరీరానికి శ్రమ ఉండదు, లోయ చూసినట్టూ అవుతుంది. మన అరకు రైలు దారి కూడా బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ ఓడరేవుకు చేర్చడానికే వేశారు కదా. ఇదీ అదే కోవ: ఖనిజం కోసం వేసిన దారి ఇప్పుడు యాత్రికులను మోస్తోంది.

వేరే వాళ్లు యూరే అనే పట్టణం మీదుగా రమ్మని చెబుతారు. ఆ రోడ్డు రెడ్ మౌంటెన్ కనుమ మీదుగా, 3,358 మీటర్లు ఎక్కి వస్తుంది. కొన్నిచోట్ల లోయ అంచున కటకటాలు కూడా ఉండవు, మంచు తోసే యంత్రాలకు అడ్డం అని పెట్టలేదు. చూడదగిన దారే, కానీ మొదటి రోజుకు కాదు.

ఇక్కడే ఒక ముఖ్యమైన సంగతి. ఎత్తు పడకపోతే కిందికి దిగాలి అని అందరూ చెబుతారు. సిల్వర్టన్ నుంచి కిందికి దిగాలంటే ముందు పైకి ఎక్కాలి. మోలస్ అయినా, రెడ్ మౌంటెన్ అయినా, ఏ రోడ్డు పట్టుకున్నా ఇంకో అయిదు వందల మీటర్లు ఎక్కిన తర్వాతే దిగడం మొదలవుతుంది. ఊళ్లో పూర్తిస్థాయి ఆసుపత్రి లేదు. కాబట్టి "రేపు చూద్దాం" అనే మాట అక్కడ పనికిరాదు. తలనొప్పి, వికారం, ఆకలి లేకపోవడం, నిద్ర పట్టకపోవడం మొదటి రెండు మూడు రోజులు చాలామందికి ఉంటాయి. విశ్రాంతితో తగ్గుతాయి. తగ్గకుండా పెరుగుతున్నా, కూర్చున్నప్పుడు కూడా ఆయాసం వస్తున్నా, కొత్తగా దగ్గు పట్టుకున్నా, నేల మీద గీత వెంట మడమకు వేలు ఆనించి నడవమంటే తూలుతున్నా ఒక్క గంట కూడా ఆగకండి. అక్కడి అత్యవసర సేవల నంబరు 911కు ఫోను చేయించండి.

కరోనా రోజుల్లో కొన్న పల్స్ ఆక్సిమీటర్ మీ ఇంట్లో ఉండే ఉంటుంది. తీసుకెళ్లండి, కానీ దాన్ని చూసి బెదిరిపోకండి. హైదరాబాద్‌లో 94 కంటే తగ్గితే కంగారు పడ్డాం. సిల్వర్టన్‌లో మొదటి రోజుల్లో ఆరోగ్యంగా ఉన్న మనిషికి కూడా 90 దగ్గర కనిపించడం మామూలే. ఒక్క అంకెను చూసి కాదు, మనిషి ఎలా ఉన్నారో చూసి నిర్ణయించుకోవాలి. రాత్రి నిద్రలో ఊపిరి కాసేపు ఆగి, మళ్లీ గట్టిగా తీసుకోవడం మీ శ్రీమతిగారు మీలో గమనించవచ్చు, మీరు ఆవిడలో గమనించవచ్చు. ఎత్తు ప్రదేశాల్లో అది సాధారణం, అలవాటు పడేకొద్దీ తగ్గుతుంది. ఇక్కడే గురక ఎక్కువై నిద్రలో ఊపిరి ఆగే జబ్బు ఉన్నవాళ్ల సంగతి మాత్రం వేరు, వాళ్లు ముందే డాక్టరును అడగాలి.

బయలుదేరే నెల ముందు ఇద్దరూ మీ ఫిజీషియన్‌ను కలవండి. గుండె పరీక్ష, హిమోగ్లోబిన్ తప్పక చేయించుకోండి. మన ఆడవాళ్లలో రక్తహీనత ఎక్కువ, దాంతో అక్కడికి వెళితే ఆయాసం రెట్టింపవుతుంది. కొత్త ఎత్తులో మొదటి రోజుల్లో రక్తపోటు కొంత పెరుగుతుంది. ఆవిడ మాత్రల్లో మూత్రం ఎక్కువ చేసేవి ఉంటే ఆ పొడి గాలిలో ఒంట్లో నీరు తగ్గిపోతుంది. మోతాదు మార్చాలా వద్దా అన్నది డాక్టరే చెప్పాలి, మీరు సొంతంగా ఆపకండి. ఎసిటజోలమైడ్ అనే మాత్ర ముందుగా వేసుకుంటే ఎత్తుకు అలవాటు పడటం తేలికవుతుంది. దాని గురించి అడగండి. సల్ఫా మందులు పడనివాళ్లయితే ఆ సంగతి తప్పక చెప్పండి. వేళ్లు తిమ్మిరెక్కినట్టు ఉండటం, మాటిమాటికీ మూత్రం రావడం ఆ మాత్ర లక్షణాలు, భయపడనక్కర్లేదు. నిద్ర మాత్రలు మాత్రం మొదటి వారంలో వద్దు.

గోల్కొండ కోట పైదాకా వారానికి రెండుసార్లు ఎక్కడం మొదలుపెట్టండి. దానివల్ల ఎత్తు అలవాటు కాదు, ఆ కొండ నూట ఇరవై మీటర్లే. కానీ కాళ్లకు మెట్లు అలవాటవుతాయి, ఎక్కడ ఆగి ఊపిరి తీసుకోవాలో మీకే తెలుస్తుంది. కోట మీది ఆ గ్రానైటు బండల వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. మీరు వెళ్లబోయే కొండలు ఆ లెక్కన నిన్నటివి, సుమారు రెండు కోట్ల ఎనభై లక్షల ఏళ్ల కిందటి అగ్నిపర్వతాలు. లోపలి లావా వెళ్లిపోయాక నేల గుండ్రంగా కుంగిపోయింది. ఆ కుంగిన అంచుల్లోని పగుళ్ల గుండా వేడినీళ్లు పైకి వచ్చి సీసం, జింకు, వెండి, బంగారం పేరబెట్టి వెళ్లాయి. ఊరి పక్కన అనిమస్ నదీ, మినరల్ క్రీక్ వాగూ వంకర తిరిగి పారేది ఆ కుంగిన అంచు వెంటే. మోలస్ కనుమ నుంచి దిగేటప్పుడు చూస్తే ఆ వంపు మామూలు కంటికే తెలుస్తుంది. ఒక భూగర్భ శాస్త్రవేత్తకు ఇంతకంటే పండగ ఏముంటుంది! అయినా మీకోసం ఇక్కడితో ఆపుతాను.

వంట. మా ఆవిడ చేత రాయించాల్సిన భాగం ఇది, పక్కన కూర్చుని చెబుతూనే ఉంది. సిల్వర్టన్‌లో నీళ్లు సుమారు 90, 91 డిగ్రీలకే మరిగిపోతాయి. గిన్నె కళపెళలాడుతుంది, కందిపప్పు మాత్రం గంటసేపు ఉడికించినా పలుకు పలుకుగానే ఉంటుంది. ప్రెషర్ కుక్కర్ లేకుండా అక్కడికి వెళ్లకండి. అద్దె ఇంట్లో ఉండదు. కుక్కర్‌లోనూ తేడా ఉంటుంది. విజిల్ పైకి లేవడానికి బయటి గాలి ఒత్తిడి కంటే లోపల ఇంత ఎక్కువ ఉండాలన్నది లెక్క. బయటి ఒత్తిడే తక్కువ కాబట్టి లోపలి వేడి హైదరాబాద్‌లో కంటే నాలుగు డిగ్రీల దాకా తగ్గుతుంది. ఇంట్లో మూడు విజిళ్లకు ఉడికే పప్పుకు అక్కడ అయిదు రానివ్వండి. పప్పును గంట ముందు నానబెట్టండి. శనగలు, రాజ్మా అయితే ముందు రాత్రే. అన్నం కూడా కుక్కర్‌లోనే పెట్టండి, ఎసరు ఒక పావు గ్లాసు ఎక్కువ పోయండి.

ఇడ్లీ పిండి జూలైలో కూడా బల్ల మీద పులియదు. రాత్రిళ్లు బయట అయిదు డిగ్రీల కంటే తగ్గుతుంది, పాత ఇళ్లు త్వరగా చల్లబడతాయి. ఓవెన్ వెలిగించకుండా లోపలి దీపం మాత్రం వేసి పిండి గిన్నె అందులో పెట్టి తలుపు మూయండి. పొద్దున్నకల్లా పొంగుతుంది. పెరుగు తోడు కూడా అక్కడే. గాలి ఒత్తిడి తక్కువ కాబట్టి పిండి ఎక్కువ పొంగుతుంది, గిన్నెలో సగానికి మించి పోయకండి. కాఫీకి మాత్రం లోటు ఉండదు, ఆ వేడిలో డికాక్షన్ చక్కగా దిగుతుంది. టీ కొంచెం చప్పగా ఉంటుంది, మరో రెండు నిమిషాలు మరగనివ్వండి.

మన సరుకులు డెన్వర్ పరిసరాల్లోని భారతీయ దుకాణాల్లో అయిదు వారాలకూ కొనుక్కోండి. కూరగాయలు, పాలు వారానికోసారి డ్యురాంగో నుంచి. సిల్వర్టన్ జనాభా ఆరు వందల పైచిలుకు. కిరాణా చిన్నది, ధరలు ఎక్కువ. పచ్చిమిరపకాయలు అక్కడ దొరుకుతాయని ఆశ పెట్టుకోకండి.

గాలి ఎంత పొడిగా ఉంటుందంటే ఉతికిన చీర గదిలోనే రెండు గంటల్లో ఆరిపోతుంది. మీ ఒంట్లోని నీరూ అలాగే పోతుంది. దాహం వేయకపోయినా తాగుతూ ఉండండి. మజ్జిగ మంచిది. ముక్కులో రక్తం చారలు కనిపించడం మామూలే, పడుకునే ముందు ముక్కు లోపలి అంచుకు కొంచెం వాసెలిన్ రాయండి. పగలు 20 నుంచి 23 డిగ్రీలు, చల్లగా ఉందనుకుంటాం. కానీ ఎండ మనకంటే చాలా తీక్షణం. టోపీ, నల్లద్దాలు పాపకు కూడా కావాలి.

ఇక ఆ ఊళ్లో ఏం తోస్తుంది అన్నారు. పన్నెండు ప్రాంతంలో రైలు వస్తుంది. ఊరి ప్రధాన వీధి అయిన గ్రీన్ వీధి నిండిపోతుంది. మధ్యాహ్నం రైలు తిరిగి వెళ్లగానే ఖాళీ అవుతుంది. రైలుకు వచ్చేవాళ్లు చూసేది ఆ రెండు గంటల బజారునే. మీకు మిగతా రోజంతా దక్కుతుంది. 1906లో కట్టిన కార్నెగీ గ్రంథాలయం చిన్నదే అయినా పాపకు రోజూ వెళ్లదగిన చోటు. 1875 నుంచి వెలువడుతున్న ఊరి పత్రిక ఉంది, చదవండి. పాత జైలును కలుపుకుని గనుల ప్రదర్శనశాల పెట్టారు, ఒక పూటలో తేల్చేయకండి.

తప్పక చూడవలసినవి రెండు. ఒకటి ఓల్డ్ హండ్రెడ్ బంగారు గని. చిన్న బండిలో కూర్చోబెట్టి కొండ లోపలికి దాదాపు అర కిలోమీటరు తీసుకెళతారు. లోపల 9 డిగ్రీల చలి, స్వెటర్ తప్పనిసరి. అక్కడ గాలితో నడిచే డ్రిల్లు మోగించి చూపిస్తారు. ఆ చప్పుడు గుండెల్లో మోగుతుంది. అప్పటి మనిషి అలాంటి యంత్రం ముందు రోజంతా నిలబడేవాడు. మొదటి కాలం డ్రిల్లులకు నీటి జల్లు ఉండేది కాదు. పొడి రాతిధూళి ఊపిరితిత్తుల్లోకి వెళ్లి సిలికోసిస్‌తో ఎంతోమంది నడివయసులోనే పోయారు. రెండోది మేఫ్లవర్ మిల్లు, 1991 దాకా నడిచింది. కొండల మీది గనుల నుంచి తీగల మీద వేలాడే తొట్లలో ఖనిజం వచ్చి పడేది. పైన రాయిగా పడ్డది ఒక్కో అంతస్తు దిగుతూ, నలిగి, నీళ్లలో నురగతో తేలి, చివరకు సీసం, జింకు గాఢ ఖనిజంగా బయటపడే వరుస మొత్తం యంత్రాలతో సహా అలాగే ఉంది. నేను ఉద్యోగంలో అలాంటి మిల్లులు చూశాను గానీ ఇంత చెక్కుచెదరకుండా నిలిపి ఉంచింది చూడలేదు. అక్కడో, ప్రదర్శనశాలలోనో గాలీనా అనే సీసపు ఖనిజం ముక్కను పాప చేతిలో పెట్టనిస్తే పెట్టండి. వెండిలా మెరిసే చిన్న చదరపు రాయి, అరచేతిలో పడగానే చెయ్యి కిందికి జారుతుంది. నీటికంటే ఏడున్నర రెట్లు బరువు. సీసం అంటే ఏమిటో ఆ పిల్ల జన్మలో మరిచిపోదు. తర్వాత సబ్బుతో చేతులు కడిగించండి.

ఊరి పైన కొండవాలులో తెల్లని పాలరాతి క్రీస్తు విగ్రహం ఉంటుంది, 1959లో నిలిపారు. దానికి ఒక కథ ఉంది, అది జరిగిన కథే. సన్నీసైడ్ గనిలో బంగారు సిరను వెంబడిస్తూ కార్మికులు కింద నుంచి పైకి తవ్వుకుంటూ పోయారు. పైన ఎమ్మా అనే సరస్సు ఉంది. 1978 జూన్ 4 సాయంత్రం ఆ సరస్సు అడుగు తెగిపోయింది. నీళ్లు, బురద, దుంగలు, గని బండ్లు ఒక్కో అంతస్తూ కూల్చుకుంటూ దిగి, కొన్ని వందల మీటర్ల కింద గ్లాడ్‌స్టోన్ దగ్గర సొరంగం నోటి నుంచి బయటికి దూకాయి. గని శుభ్రం చేయడానికి రెండేళ్లకు పైగా పట్టింది. అంతటి ప్రమాదంలో ఒక్క ప్రాణం కూడా పోలేదు. ఆ రోజు ఆదివారం, లోపల ఎవరూ లేరు. ఆ దేవుడే కాపాడాడని ఊరివాళ్లు నమ్ముతారు. గనిలోకి నీళ్లు రావడమంటే ఏమిటో మన తెలంగాణకు బాగా తెలుసు. 2003 జూన్‌లో గోదావరిఖనిలో అలా నీళ్లు వచ్చి 17 మంది కార్మికులు చనిపోయారు. అది తెలిసినవాడిని కాబట్టి ఆ విగ్రహం దాకా నడిచి వెళ్లిన ప్రతిసారీ నేను చెప్పులు విడిచి నమస్కరిస్తాను. ఒక వారం గడిచి ఊపిరి కుదుటపడ్డాక మీరూ వెళ్లండి, దారి మరీ కష్టం కాదు.

హిల్‌సైడ్ శ్మశానం కూడా ఊరి పక్కనే. హిమపాతాల్లో పోయినవాళ్లు, గనిలో పోయినవాళ్లు, 1918 ఫ్లూలో పోయినవాళ్లు. ఆ ఫ్లూకు ఊళ్లో దాదాపు పదింట ఒకరు బలయ్యారు. ఆ రాళ్ల మీద పుట్టిన ఊళ్ల పేర్లు చూడండి, యూరప్ నలుమూలలవీ కనిపిస్తాయి. పొట్ట చేతపట్టుకుని వచ్చిన జనం.

పాప విషయంలో రెండు కచ్చితమైన నియమాలు పెట్టుకోండి. మొదటిది, నారింజ రంగు వాగుల్లో ఆడనివ్వకండి. సిమెంట్ క్రీక్ అనే వాగు ఊరి పక్కనే పారుతుంది, రాళ్లన్నీ పసుపు నారింజ రంగులో ఉంటాయి. ఫోటోలకు బాగుంటుంది. కొండలోని పైరైటుకు, అంటే ఇనుము, గంధకం కలిసిన ఖనిజానికి, గాలీ నీళ్లూ తగిలితే గంధకామ్లం పుడుతుంది. అది ఇనుమును, సీసాన్ని, జింకును, కాడ్మియాన్ని కరిగించుకుని వస్తుంది, ఇనుము తుప్పుగా రాళ్ల మీద పేరుకుంటుంది. గనులు తవ్వక ముందు కూడా ఆ కొండల నీళ్లలో కొంత ఆమ్లం ఉండేది. సొరంగాలు తవ్వాక గాలి తగిలే చోట్లు వెయ్యింతలయ్యాయి. 2015 ఆగస్టు 5న గోల్డ్ కింగ్ గని నోటి దగ్గర అమెరికా ప్రభుత్వ పర్యావరణ పరిరక్షణ సంస్థ పనులు జరుగుతుండగా అడ్డు తెగి, కోటీ పది లక్షల లీటర్లకు పైగా అలాంటి నీళ్లు ఒక్కసారిగా వాగులో పడ్డాయి. అనిమస్ నది డ్యురాంగో దాటి నారింజ రంగులో పారింది. మరుసటి ఏడు ఆ గనుల ప్రాంతాన్ని ప్రభుత్వం శుద్ధి చేయాల్సిన స్థలాల జాబితాలో చేర్చింది. ఊళ్లో కొళాయి నీళ్లు వేరు, అవి శుద్ధి చేసినవి, తాగవచ్చు. గని చెత్త గుట్టలు మాత్రం ఎక్కకూడదు, తిరిగి వచ్చాక బూట్లు గుమ్మం బయటే విప్పాలి, తినే ముందు చేతులు కడగాలి.

రెండోది, పాత సొరంగాల నోళ్ల దగ్గరికి పోకూడదు. కొలరాడోలో వదిలేసిన గనులు 23,000 దాకా ఉన్నాయని అక్కడి అధికారుల అంచనా. మీ అబ్బాయికి కూడా ఈ మాట గట్టిగా చెప్పండి, పిల్లల కంటే ముందు తండ్రులే టార్చి పట్టుకుని దూరుతారు. పది అడుగుల లోపల నేల గట్టిగానే కనిపిస్తుంది. అది కుళ్లిన చెక్క పలక మీద పేరుకున్న మట్టి కావచ్చు, కింద నీళ్లు నిండిన నిలువు గొయ్యి ఉండవచ్చు. ఆక్సిజన్ లేని గాలికి వాసన ఉండదు, రంగు ఉండదు. రెండు ఊపిర్లలో మనిషి కూలిపోతాడు, లాగడానికి వెళ్లినవాడూ కూలిపోతాడు. నా వృత్తి జీవితమంతా గనుల్లోనే గడిచింది. గాలి కొలవకుండా, పైకప్పు తట్టి చూడకుండా వదిలేసిన సొరంగంలో నేను కాలు పెట్టను. మీరెవరూ పెట్టవద్దు.

అనిమస్ ఫోర్క్స్ అనే ఖాళీ ఊరు పైన ఉంది, 3,400 మీటర్లు. గుమ్మాలూ కిటికీలూ ఉన్న చెక్క ఇళ్లు, మనుషులు లేరు. రెండో వారం తర్వాత, గట్టి బండిలో, పొద్దున్నే వెళ్లి మధ్యాహ్నంలోపు దిగిపోండి. జూలై రెండో వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా ఆ వాలులన్నీ పూలతో నిండి ఉంటాయి, నీలి తెలుపు కొలంబైన్‌లు ముఖ్యంగా. మీ రోజులు సరిగ్గా వాటి మీదే పడ్డాయి. కానీ ఆ నెలల్లో దాదాపు రోజూ మధ్యాహ్నానికి మబ్బు పట్టి పిడుగులు పడతాయి. చెట్లు లేని ఎత్తులో పన్నెండు దాటాక ఉండకూడదు, ఆకాశం ఎంత నీలంగా ఉన్నా సరే.

ఇంక మిగిలింది ఏర్పాట్లే. మీ మాత్రలు అయిదు వారాలకు కాదు, రెండు నెలలకు సరిపడా, డాక్టరు చీటీతో సహా చేతి సంచీలో పెట్టుకోండి. ప్రయాణ బీమాలో ముందునుంచీ ఉన్న జబ్బులకు వర్తిస్తుందా, హెలికాప్టర్‌లో తరలిస్తే ఇస్తారా అన్న రెండు షరతులూ చదివించుకుని తీసుకోండి, అక్కడ ఆ ఖర్చు ఆస్తి అమ్మేటంత ఉంటుంది. జూలై 4 వాళ్ల స్వాతంత్ర్య దినం, ఊరు కిక్కిరిసిపోతుంది. ఆ ముందు వారంలోనే చేరుకుంటే సర్దుకోవడానికి తీరిక దొరుకుతుంది. డ్యురాంగోలో రెండు రాత్రులకు గదులు, రైలు టికెట్లు వేసవికి త్వరగా అయిపోతాయి, ఈ వారమే మీ అబ్బాయి చేత తీయించండి. మీ డాక్టరు ఆవిడ మాత్రల గురించి, ఎసిటజోలమైడ్ గురించి ఏమన్నారో తెలిశాక రాయండి. మొదటి వారం ఏ రోజు ఎంత నడవాలో దాన్నిబట్టి చెబుతాను.